కారు గ్లాసు లోపలి గీతలు

వికారాబాద్,
3-6-1978

తాండూరులో బండలకు పాలిష్ పట్టే జంగప్ప అన్నకు, వికారాబాద్ స్టేషన్ ముందు టాక్సీ నడిపే మొహియుద్దీన్ సలాం. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క కారు తప్ప.

ఎనిమిదేళ్ళ కింద నువ్వు మా ఇంట్లో పరిచిన నాపబండలు ఇప్పటికీ మెరుస్తున్నాయి. వాటిలో చూసుకునే నేను మీసం కత్తిరించుకుంటాను. ఆ నమ్మకంతో ఈ ఉత్తరం రాయిస్తున్నాను. నా కారు ముందు లైట్ల గ్లాసులు రెండూ మసకబారాయి. మొన్న బ్రేక్ ఇన్‌స్పెక్టర్ క్యాంపుకు వచ్చి, లైట్లు వేయించి చూసి, "ఏం మియా, గ్లాసులల్ల పాలు పోసినవా?" అన్నాడు. జులై పదో తారీఖు క్యాంపు నాటికి గ్లాసులు తేటగా లేకపోతే ఫిట్‌నెస్ ఇవ్వడట. ఫిట్‌నెస్ లేకపోతే పర్మిట్ పోతుంది. పర్మిట్ పోతే నా కారు ఇంటి ముందు కోళ్ళ గూడు అవుతుంది.

ఇది పాత మోడల్. కొత్త గ్లాసులు హైదరాబాద్‌లో కూడా దొరకడం కష్టమని స్టాండులో అందరూ అంటున్నారు. నేను మాత్రం ఫికర్ చేయలేదు. "బండను అద్దం జేసేటోనికి అద్దాన్ని అద్దం జేసుడు ఎంత పని?" అని వాళ్ళందరి ముందే అన్నాను. ఆ మాట నిలబెట్టాల్సింది నువ్వే.

ఇట్లు,
నీ మొహియుద్దీన్

తా.క. జంగప్పన్నా, నేను లాల్‌బీని. ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు కాబట్టి ఉత్తరం నా చేత రాయిస్తున్నాడు. ఆయన చెప్పేది మన ఇంటి మాటల్లో, నేను రాసేది ఏడో తరగతి తెలుగులో. గ్లాసులు రోడ్డు దుమ్ముకు పాడయ్యాయని ఆయన అందరికీ చెబుతున్నాడు. ప్రతి శుక్రవారం వాటిని ఇటుక పొడితో తోమింది నేను. రాగి బిందె మెరిసింది కదా, ఇవీ మెరుస్తాయనుకున్నాను. ఈ సంగతి నీ కడుపులోనే ఉండనీ.

*

తాండూరు,
7-6-1978

మొహియుద్దీన్ భాయికి జంగప్ప శరణు.

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి మా శంకరమ్మకు వినిపించాను, నా పనిని నువ్వు మెచ్చుకున్న చోటు వరకు మాత్రమే. ఇక్కడ ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్లు దిగాయి. నేను రోజంతా కూర్చుని చేసే బండను మిషన్ గంటలో చేస్తున్నది. అందుకని సేటు నన్ను చూసినప్పుడల్లా, "ఇంకెన్నాళ్ళు జంగప్పా, ఈ చేతి పని?" అంటున్నాడు. కారు గ్లాసుకు పాలిష్ పట్టే మిషన్ అతని దగ్గర ఉందా? లేదు. నా దగ్గర చెయ్యి ఉంది.

గాజు అంటే ఏమీ లేదు, వెలుతురు దాటిపోయే బండ. ముందు గరుకు రాయి, తర్వాత సన్న రాయి, చివరికి తడిపిన నమ్దా, అంటే దళసరి ఉన్ని గుడ్డ, మీద ఎర్ర పొడి. కళ్ళద్దాలు అరగదీసేవాళ్ళు వాడే పొడి అది, తెప్పించాను. గ్లాసులు ఊడదీసి పంపు. పదో తారీఖు కన్నా ముందే పంపిస్తాను. ఇన్‌స్పెక్టర్ అందులో తన ముఖం చూసుకుని తల దువ్వుకోవాలి.

ఇట్లు,
జంగప్ప

తా.క. ఇది చెల్లెమ్మ లాల్‌బీకి మాత్రమే, పైకి చదవకు. గాజును ఇటుక పొడితో తోమడం తప్పు. రాగి బిందెను తోమడం కూడా తప్పే. నా మాటగా ఆ ఇటుకను బయట పారేయి.

*

వికారాబాద్,
11-6-1978

జంగప్ప అన్నకు మొహియుద్దీన్ సలాం.

గ్లాసులు అంజిలయ్య చేత పంపుతున్నాను. గొర్రెలు కొనడానికి బషీరాబాద్ పోతూ దారిలో తాండూరులో దిగుతాడు. గొంగట్లో చుట్టి, గంపలో పెట్టి ఇచ్చాను. పగలు కారుకు లైట్లతో పని లేదు, పని ఆగదు. నీ మీద నాకు పూర్తి భరోసా ఉంది.

ఇట్లు,
మొహియుద్దీన్

తా.క. ఆయన చెప్పడం అయిపోయింది, బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు. ఇప్పుడు నా మాట విను అన్నా. నేను నీకు అబద్ధం రాశాను. మొదట మెరవాలనే తోమాను, అది నిజం. తోమిన కొద్దీ గ్లాసు మసకబారడం చూశాక, ఇటుక పొడిలో ఇసుక కలిపి మరీ తోమాను.

నా తమ్ముడు నజీర్ నీకు తెలుసు కదా, లారీ నడిపేవాడు. రెండేళ్ళ కింద ధారూర్ దగ్గర చీకట్లో, దీపం లేని ఎడ్లబండికి తగిలి లారీ బోల్తా పడింది. మనిషి మిగల్లేదు. అప్పటినుంచి ఈయన రాత్రిపూట అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రికి కిరాయి కట్టుకుని పోయినప్పుడల్లా, తిరిగొచ్చేదాకా నేను గడప మీదే కూర్చుంటాను. చెబితే నవ్వుతాడు. "నీ తమ్మునికి నడుపరాలె, నాకు వస్తది" అంటాడు. ఆ మాటకు నాకు చాలా కోపం వస్తుంది. చాలా భయం వేస్తుంది. లైట్లు పాడైతే రాత్రి పోడు కదా అనుకున్నాను. మధ్యలో ఇన్‌స్పెక్టర్ ఒకడు ఉంటాడని నాకు తట్టలేదు.

పర్మిట్ పోతే మా పొయ్యి వెలగదు. అందుకని నిన్ను ఒకటి అడుగుతున్నాను. పగలు ఇన్‌స్పెక్టర్‌కు తేటగా కనపడాలి, రాత్రి గుట్ట ఎక్కడానికి పనికి రాకూడదు. అలాంటి పాలిష్ పట్టు. నువ్వు పెద్ద పనివాడివి, నీకు చేతకానిది కాదు.

*

తాండూరు,
18-6-1978

మొహియుద్దీన్ భాయికి జంగప్ప శరణు.

గ్లాసులు చేరాయి. అంజిలయ్య గొంగడి విప్పి ఇస్తూ, "ఇవి ఏ జీవం కండ్లే?" అని అడిగాడు. బయటి వైపు పని మూడు రోజుల్లో అయిపోయింది. నిన్న ఎండలో పెడితే ఈగ ఒకటి వచ్చి గ్లాసుకు కొట్టుకుని కిందపడింది. దానికి అక్కడ గ్లాసు ఉన్నట్టు తెలియలేదు.

అయితే భాయి, నువ్వు మోసపోయావు. గ్లాసు తిప్పి లోపలి వైపు వేలు పెట్టి చూశాను. నిలువునా గీతలే గీతలు. గనిలోంచి వచ్చిన బండ మీద ఉలి గీతలు ఇలాగే ఉంటాయి. కనపడే వైపు పాలిష్ పట్టి, కనపడని వైపు పని అట్లాగే వదిలేసి కారుకు తగిలించారు. ఇన్నేళ్ళూ నువ్వు సగం పని చేసిన గ్లాసులతోనే తిరిగావు. నా చేతిలోంచి సగం పని బయటికి పోదు. ఆ గీతలన్నీ తీసేస్తాను. గ్లాసు లోపలి వంపుకు సరిపోయేలా గుండ్రటి రాయి ఒకటి చెక్కుతున్నాను. పది రోజులు పడుతుంది. పట్టనీ.

ఇట్లు,
జంగప్ప

తా.క. చెల్లెమ్మకు మాత్రమే. నజీర్ మాట చదివి వినిపిస్తే శంకరమ్మ ఏడ్చింది, నాకూ అన్నం సయించలేదు. కానీ నువ్వు అడిగిన పని నేను చేయలేను. నా చెయ్యి ముప్పై ఏళ్ళుగా చెడు పని ఎరగదు, ఇప్పుడు నేర్చుకోదు. పైగా నీ భయానికి అది మందు కాదు. రాత్రి గుట్ట మీద చీమ నడిచినా కనపడేట్టు చేసి ఇస్తాను. అప్పుడు నువ్వు హాయిగా పడుకోవచ్చు. ఈ అన్న మాట నమ్ము.

*

వికారాబాద్,
24-6-1978

జంగప్ప అన్నకు మొహియుద్దీన్ సలాం.

ఆ గీతల మీద నాకు పదేళ్ళ నుంచి అనుమానం ఉంది. వెలుతురు ఆ సందుల్లో ఇరుక్కుపోయి బయటికి రావడం లేదని ఎప్పుడో అన్నాను. స్టాండులో ఎవరూ వినలేదు. మొన్న నీ ఉత్తరం సంగతి చెబితే శివయ్య, "అవి ఉండాలె భాయ్, తీయొద్దని రాయి" అన్నాడు. శివయ్య కారుకు హారన్ తప్ప అన్నీ మోగుతాయి, అతను నాకు చెప్పొచ్చాడు. నువ్వు ఒక్క గీత కూడా మిగల్చకు.

ఇట్లు,
మొహియుద్దీన్

తా.క. జంగప్పన్నా, నీ మీద నాకు కోపంగా ఉంది. నా బతుకు కన్నా నీ చేతి పేరు ఎక్కువైంది. చీమలు కనపడేట్టు చేస్తావా? గ్లాసులు తాండూరు పోయిన ఈ పదమూడు రోజులూ ఆయన పొద్దుగూకేలోపు ఇంట్లో ఉన్నాడు. వేడి వేడి రొట్టెలు తిన్నాడు. నిన్న గోడకు మేకు కూడా కొట్టాడు, నేను మూడేళ్ళుగా అడుగుతున్న మేకు. నేను గడప మీద కూర్చోకుండా మంచం మీద పడుకున్నాను.

ఇక నా నిర్ణయం విను. పదో తారీఖు ఇన్‌స్పెక్టర్ చూసి పోగానే, పదకొండో తారీఖు పొద్దున నేను ఇసుక తీసుకుంటాను. నువ్వు పారేయమన్న ఇటుక కూడా ఇంట్లోనే ఉంది.

*

తాండూరు,
2-7-1978

మొహియుద్దీన్ భాయికి జంగప్ప శరణు.

పని అయిపోయింది. అంజిలయ్య మళ్ళీ గొర్రెలకు వచ్చాడు, తిరుగు ప్రయాణంలో తెచ్చి ఇస్తాడు. గంప మీద ఎవరినీ కూర్చోనివ్వవద్దని చెప్పాను. పదకొండు రోజులు రుద్దాను. కుడిచేతి వేలిముద్రలు అరిగిపోయాయి, ఇప్పుడు బ్యాంకులో నన్ను నేనేనని నిరూపించుకోలేను. గీత అన్నది లేదు, లోపలా లేదు, బయటా లేదు. సేటును పిలిచి చూపించాను. చాలాసేపు పట్టుకుని చూసి, "మిషన్ల ఇట్ల రాదు జంగప్పా" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు నాకు. అది నీ కారు వల్ల వచ్చింది, నీకు నేను రుణపడ్డాను.

ఇట్లు,
జంగప్ప

తా.క. చెల్లెమ్మా, చేతులు జోడించి అడుగుతున్నాను. ఇసుక వద్దు. కావాలంటే ఆ ఇసుకతో నా ముఖం తోము, గ్లాసు జోలికి పోకు. నేను ఇలాంటి పని మళ్ళీ చేస్తానో చేయనో.

*

వికారాబాద్,
12-7-1978

జంగప్ప అన్నకు మొహియుద్దీన్ వేయి సలాములు.

పాస్ అయ్యాను. ఎలా అయ్యానో చెబుతాను విను. ఇన్‌స్పెక్టర్ కారు ముందుకు వచ్చి, వంగి చూసి, కాగితం మీద ఏదో రాయబోయాడు. "ఏం రాస్తున్నరు సాబ్?" అని అడిగాను. "గ్లాసులు లేవని రాస్తున్న. మసక ఉన్నయంటె మొత్తానికే పీకేస్తవా?" అని గద్దించాడు.  అతని చేతిలో పెన్ను తీసుకుని గ్లాసు మీద టక్ టక్ అని కొట్టాను. నోరు తెరిచాడు. తర్వాత తన వేలు పెట్టి చూశాడు, ఆ వేలిముద్రను తన రుమాలుతో తనే తుడిచాడు. "ఎవ్వలు జేసిండ్రు?" అన్నాడు. నీ పేరు చెప్పాను. ఫిట్‌నెస్ మీద సంతకం పడింది. స్టాండులో అందరికీ చాయ్ తాగించాను, శివయ్యకు రెండు కప్పులు.

నిన్న రాత్రి గుట్ట మీది ఆసుపత్రికి ఒక కిరాయి పోయాను. వెలుతురు బ్రహ్మాండం. చాలా దూరం పోతున్నది. కొంచెం ఎక్కువ దూరమే పోతున్నది. పక్కలకు మాత్రం అంతగా రావడం లేదు. అదేమీ పెద్ద విషయం కాదు, నాకు ఆ రోడ్డు కంఠతా వచ్చు. ఏమీ కాలేదు.

ఇట్లు,
మొహియుద్దీన్

తా.క. అన్నా, ఏమీ కాలేదని రాయించాడు. ఏమైందో నేను రాస్తాను. పొద్దున తన టార్చి తీసుకుపోవడానికి వచ్చిన పేషెంటు కొడుకే నాకు చెప్పాడు. లైటు వేస్తే వెలుతురు రెండు గుండ్రటి ముద్దలై ఎక్కడో చెట్ల కొమ్మల మీద పడిందట, కారు ముందు మాత్రం చీకటేనట. రెండో మలుపు దగ్గర బ్రేకు వేసి దిగి చూస్తే, ముందు చక్రానికీ లోయకూ మధ్య మూరెడు నేల ఉందట. అక్కడి నుంచి ఆసుపత్రి దాకా ఆ కొడుకు చేతిలో టార్చి పట్టుకుని ముందు నడిస్తే, ఈయన వెనక కారు నడిపాడట, దిగేటప్పుడు ఆ టార్చి అడిగి తెచ్చుకున్నాడట. ఇంటికి వచ్చేసరికి చొక్కా తడిసి ఉంది. నీళ్ళు తాగి పడుకున్నాడు. పొద్దున లేచి మాత్రం ఈ ఉత్తరం రాయించాడు.

 తర్వాత కూర్చుని ఆలోచిస్తే నీ తెలివి అర్థమైంది. చేయనంటూనే చేశావు. పగలు గ్లాసు ఉన్నట్టే తెలియదు, రాత్రి గుట్ట ఎక్కదు. నేను అడిగింది అడిగినట్టు ఇచ్చావు. నా కోపం తప్పు అన్నా, క్షమించు. ఇటుక నిజంగానే పారేశాను.

*

తాండూరు,
17-7-1978

మొహియుద్దీన్ భాయికి జంగప్ప శరణు.

పాస్ అయినందుకు సంతోషం. వెలుతురు పక్కలకు రావడం లేదన్న చోటు మూడుసార్లు చదివాను. ముందు రోడ్డుదే తప్పనుకున్నాను. తిన్నగా పోయే వెలుతురుకు తిన్నగా ఉండే రోడ్డు కావాలి కదా. తర్వాత ఇక్కడి మెకానిక్‌ను అడిగాను. వెలుతురును పక్కలకు పరచడానికే ఆ గీతలు పెడతారట. శివయ్య చెప్పింది నిజమట. భాయి, నేను పని తెలిసినవాణ్ణనుకుని నీ ప్రాణం మీదికి తెచ్చాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

అయినా భయపడకు, చేసినవాణ్ణి నేనే, సరిచేసేవాణ్ణీ నేనే. గ్లాసులు వెంటనే పంపు. తిరగలికి గాట్లు పెట్టే సన్న ఉలి నా దగ్గర ఉంది. ఎన్ని గీతలు తీశానో లెక్క ఉంది, అన్నీ మళ్ళీ పెడతాను. అప్పటిదాకా రాత్రి కారు తీయకు.

ఇట్లు,
జంగప్ప

తా.క. చెల్లెమ్మకు మాత్రమే. పైన రాసింది భాయిని నమ్మించడానికి. నేను కావాలనే చేశాను. ఎలా చేశావని మాత్రం అడగకు. కానీ భాయి గ్లాసులు పంపితే నేను గీతలు పెట్టక తప్పదు, మాట ఇచ్చాను. కాబట్టి పంపకుండా నువ్వే చూసుకో.

*

వికారాబాద్ స్టేషన్,
23-7-1978

జంగప్ప అన్నకు మొహియుద్దీన్ సలాం.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, నా చేత్తో. తప్పులు ఉంటాయి, సర్దుకో. చేతులకు గ్రీజు ఉంది అనుకో.

నాకు తెలుగు వస్తుంది. మైలురాళ్ళ మీద, బస్సుల బోర్డుల మీద, గోడల మీది రాతల్లో చూసి చూసి నేర్చుకున్నాను. లాల్‌బీకి చెప్పలేదు. చెబితే నా ఉత్తరాలు నన్నే రాసుకోమంటుంది. జూన్‌లో నేను అయిదు మాటలు చెప్పి బయటికి వచ్చి బీడీ తాగాను. లోపలికి పోయి చూస్తే ఆమె ఇంకా రాస్తూనే ఉంది. అయిదు మాటలకు అంత కాగితం పడుతుందా? ఉత్తరం డబ్బాలో వేయడానికి నాకే ఇచ్చింది. స్టేషన్‌లో చాయ్ అమ్మే ఇమాంబీ కెటిల్ ఆవిరి మీద పట్టి విప్పాను. మైలురాయి చదివినట్టు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటే రెండు రైళ్ళు పోయాయి. కిరాయిలు రెండు వదులుకున్నాను. అప్పటినుంచి ఆమె తా.క.లు అన్నీ చదివాను. ఆమె ఇంట్లో దాచిన నీ తా.క.లు కూడా చదివాను. నువ్వు కావాలని చేయలేదని నాకు తెలుసు. ఆమెకు చెప్పను.

చదివాను కానీ నమ్మలేదు. ఆడవాళ్ళ భయం అనుకున్నాను. అందుకే పదకొండో తారీఖు రాత్రి పోయాను. రెండో మలుపులో దిగి ఆ మూరెడు నేల చూసినప్పుడు నజీర్ గుర్తొచ్చాడు. వాడికి నడపడం బాగా వచ్చు అన్నా. నాకన్నా బాగా వచ్చు. ఇన్నాళ్ళు ఆమె ముందు రాదన్నాను. ఇంటికి వచ్చేసరికి ఆమె గడప మీద కూర్చుని ఉంది, దీపం కూడా పెట్టుకోలేదు. నన్ను చూసి లేచి నీళ్ళు ముంచి ఇచ్చింది. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. చీకట్లో కనపడలేదు.

పదమూడో తారీఖు హైదరాబాద్ పోయాను. పాత సామాన్ల బజారులో పొద్దంతా తిరిగితే నా మోడల్ గ్లాసులు దొరికాయి, కొత్తవి, లోపల గీతలున్నవి. తెచ్చి డిక్కీలో స్టెప్నీ కింద పెట్టాను. అక్కడే ఉన్నాయి. బిగించడానికి అరగంట పని, బిగించను. రాత్రి కిరాయిలు శివయ్యకు వదిలేశాను. "ఏం భాయ్, భయపడ్డవా?" అని అడిగితే, "గ్లాసులు దొరుకుతలేవు, ఏం జేయాలె" అన్నాను. మొహియుద్దీన్ పెళ్ళాం మాట విని ఆగిపోయాడని స్టాండులో తెలిస్తే నేను తల ఎత్తుకోలేను. గ్లాసుల వల్ల ఆగిపోయాడంటే అందరూ జాలిపడుతున్నారు.

కాబట్టి గ్లాసులు నీకు పంపను. నీ ఉలి దాచుకో. నాకు నువ్వు చేయాల్సిన పని ఒకటే ఉంది, అది రాత పని. ఈ ఉత్తరం చించేసి ఇంకో ఉత్తరం రాయి. ఒకసారి తీసిన గీతలు మళ్ళీ పెట్టడం ఎవరి తరమూ కాదని గట్టిగా రాయి. లాల్‌బీ చదివి వినిపిస్తుంది, నేను బాధపడినట్టు కూర్చుని వింటాను.

ఇట్లు,
మొహియుద్దీన్

తా.క. ఆమెకు రాసే తా.క. మానేయకు. కొంచెం పెద్ద అక్షరాలతో రాయి.